లోపలి పెట్టెకి బొట్టు

రాజులలంక,
అక్టోబరు 6, సోమవారం.

ఇందూ,

అక్షింతలు వేశాననుకో. నిజంగానే కాగితంలో మడిచి పెడదామనుకున్నాను గానీ పాపారావు ఆటోలో గూడెం చేరేసరికి ఒక్కటి మిగలదు. ఉత్తరం చూసి కంగారు పడకు. ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. కంప్యూటరుకి అయింది.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఈ ఇంట్లో ఫోను ఒకటే, అది మీ పెదనాన్నగారి చొక్కా జేబులో ఉంటుంది. ఏలూరులో రెండో కంటికి కూడా శుక్లం తీయించాం. ఆరు వారాలు ఏమీ చదవద్దు, తెరకేసి చూడొద్దు అన్నారు డాక్టరుగారు. కళ్ళకి పని లేకపోయేసరికి ఆయన చెవులు పదునెక్కాయి. నేను వంటింట్లో మూత తీస్తే అది ఏ డబ్బాదో వరండాలోంచి చెబుతున్నారు. కాబట్టి ఆయనకి తెలియకుండా ఈ ఇంట్లో చెయ్యగలిగిన పని ఉత్తరం రాయడం ఒక్కటే. మన చెరువులకి చేపల మేత తెచ్చే పాపారావు మీ ఊరివాడే కదా, సోమ గురువారాలు వస్తాడు. జవాబు అతని చేతికియ్యి.

సంగతేమిటంటే, దసరా వెళ్ళాక బల్ల తుడుస్తూ ఊరికే మీట నొక్కాను. రోజూ వచ్చే నీలం బొమ్మ రాలేదు. నల్ల తెర మీద తెల్లగా ‘బూట్ డివైస్ నాట్ ఫౌండ్’ అని వచ్చి ఆగిపోయింది. నాలుగుసార్లు నొక్కాను, నాలుగుసార్లూ అదే మాట.

పెదనాన్నగారు ఆరేళ్ళుగా రాస్తున్న నాటకం అందులోనే ఉంది. కాగితం మీద ఒక్క ముక్క లేదు. నవంబరు పదహారున కార్తీక సమారాధనలో మొదటి అంకం చదువుతానని చుట్టాలందరికీ చెప్పేశారు. పదమూడున కొత్త కళ్ళజోడు వస్తుంది, వచ్చిన మరుక్షణం ఆ బల్ల ముందే కూర్చుంటారు. ఈలోపు నువ్వు బాగుచెయ్యాలి. కంప్యూటరు షాపు పెట్టిన పిల్ల మన వైపు నువ్వొక్కదానివే.

మీ పెద్దమ్మ
గంగాభవాని


తాడేపల్లిగూడెం,
అక్టోబరు 8.

పెద్దమ్మా, నమస్కారమండి.

మీ ఉత్తరం అందింది. షాపులో నలుగురు కాలేజీ పిల్లలు ఉండగా పాపారావు లోపలికొచ్చి, “అమ్మాయిగారండి, రాజుగారికి తెలియకూడదంటండి” అని అందరికీ వినబడేలా చెప్పి మరీ ఇచ్చాడు. రహస్యం భద్రంగానే ఉంది. వాళ్ళెవరికీ పెదనాన్నగారు తెలియదు.

కంప్యూటరు బతికే ఉందండి. లోపల మన రాతలన్నీ దాచే పెట్టె ఒకటి ఉంటుంది, హార్డ్ డిస్క్ అంటాం. అది తనకి కనబడటం లేదని మొత్తుకుంటోంది, అంతే. ఆ పెట్టే పోయిందా, లేక పెట్టెకి వెళ్ళే తీగ వదులైందా అన్నది తేలాలి.

ముందు ఒక పని చెయ్యండి. మీట నొక్కి, సీపీయూకి చెవి ఆనించి వినండి. సన్నగా ఏదో తిరుగుతున్నట్టుంటే మంచిదే. టిక్కు టిక్కుమని కొట్టుకుంటుంటే వెంటనే ఆపేసి మళ్ళీ ముట్టుకోకండి. ఇంకో మాట, ఈమధ్య అది కింద పడిందా, తడిసిందా, ఎవరైనా కదిపారా? మీ కొల్లేటి తేమకి చీమలూ బల్లులూ కూడా దూరుతుంటాయి. ఏది జరిగినా చెప్పండి, నేనేమీ అనుకోను.

మీ ఇందుజ


రాజులలంక,
అక్టోబరు 9.

ఇందూ,

పాపారావు మేత దింపుకుంటున్నాడు. ఈలోగా గబగబా రాస్తున్నాను.

చెవి ఆనించాను. గుర్రుమని పెద్ద చప్పుడు. మధ్యలో ఆగిపోతోంది, ఆగాక ఈల వేస్తోంది. నాకు చెమటలు పట్టేశాయి. పాతది కదా, చివరి ఘడియలేమో అనుకున్నాను. మీట ఆపేశాను, అయినా చప్పుడు ఆగలేదు. వెనక్కి చూస్తే మీ పెదనాన్నగారు పడక కుర్చీలో నిద్రపోతున్నారు.

ఆయన లేచి చెరువు గట్టుకి వెళ్ళాక మళ్ళీ విన్నాను. సన్నగానే తిరుగుతోంది. టిక్కు లేదు. కానీ ఆయన గట్టు మీంచే “భవానీ, లోపల ఏదో తిరుగుతోంది, ఏంటది?” అన్నారు. మిక్సీ అండి అన్నాను. ఏం రుబ్బుతున్నావన్నారు. దోసకాయ పచ్చడండి అన్నాను. ఇంట్లో దోసకాయ లేదు. ఎండలో బజారుకి వెళ్ళి తెచ్చి రుబ్బాల్సొచ్చింది.

నువ్వు అడిగినవి ఏవీ జరగలేదు. పడలేదు, తడవలేదు. నేనసలు దాన్ని ముట్టుకోలేదు.

పెద్దమ్మ


తాడేపల్లిగూడెం,
అక్టోబరు 12.

పెద్దమ్మా,

టిక్కు లేదంటే సగం బెంగ తీరింది. ఇప్పుడు రెండో పరీక్ష. మీట నొక్కిన వెంటనే పైవరసలో ఎఫ్ టూ అని ఉన్న మీటని ఆగకుండా కొడుతూ ఉండండి. నీలం తెర మీద జాబితా వస్తుంది. అందులో డిస్క్ పేరు ఉందేమో చూసి, కనబడింది కనబడినట్టు రాసి పంపండి.

పేరు లేకపోతే సీపీయూ పక్క రేకు విప్పి, లోపల డిస్క్ తీగలు ఒకసారి లాగి మళ్ళీ గట్టిగా నొక్కాలి. కరెంటు తీసేశాకేనండోయ్. భయం లేదు, రేకు విప్పడం కుట్టుమిషను మూత విప్పినంత సులువు.

ఇందుజ


రాజులలంక,
అక్టోబరు 13.

ఇందూ,

కనబడింది కనబడినట్టు రాయమన్నావని రాశాను, ఏడు కాగితాలైంది, వేరే కవరులో పెట్టాను. తారీఖు జనవరి ఒకటి, రెండు వేల తొమ్మిది అని చూపిస్తోంది. ఆ లెక్కన నాకింకా మోకాళ్ళ నొప్పులు రాలేదు. డిస్కుల వరసలో సాటా వన్ అన్నదాని ఎదురుగా ‘నన్’ అని ఉంది. అంటే లేదనే కదా.

రేకు విప్పమన్నావు. నేను విప్పనమ్మా. నాలుగు మరల్లో కింది మర మొండిది, ఒకసారి వస్తే మళ్ళీ ఎక్కదు. పైగా ఆ ఎర్ర తీగ పట్టుకుని లాగితే పెట్టె కూడా దానితో వచ్చేస్తుంది. అలాంటివన్నీ నాకేం తెలుసు? నువ్వే ఏదో ఒకటి చెయ్యి.

పెద్దమ్మ


తాడేపల్లిగూడెం,
అక్టోబరు 15.

పెద్దమ్మా,

మీరు ముట్టుకోనే లేదన్న సీపీయూకి నాలుగు మరలుంటాయని, కిందిది మొండిదని, లోపల ఎర్ర తీగ ఉంటుందని మీకెలా తెలుసండీ? ఆ తీగ రంగు నేను కూడా చెప్పలేదు.

కోపం కాదు. చిన్నప్పుడు నేను మీ అటక మీది సున్నుండలు తిన్నప్పుడు మీరు నా మొహం చూసే చెప్పేశారు, ఇప్పుడు నేను మీ చేతిరాత చూసి చెబుతున్నాను. ఏం జరిగిందో రాయండి. సీపీయూ మొత్తం పాత దుప్పటిలో చుట్టి పాపారావుకి ఇచ్చేయండి. దానితోపాటు పచ్చడి సీసాలు మాత్రం పెట్టకండి.

ఇందుజ


రాజులలంక,
అక్టోబరు 16.

ఇందూ,

దొరికిపోయాను కనక చెబుతున్నాను. మీ అమ్మకి చెప్పకు.

ప్రతి దసరాకీ ఆయుధపూజ నాడు చెరువు నీళ్ళకి గాలి ఆడించే ఏరియేటర్లు, మోటారు, నా కుట్టుమిషను, అన్నిటికీ పసుపు రాసి బొట్టు పెడతాను కదా. కంప్యూటరుకి మాత్రం ఏటా పైరేకు మీదే పెట్టేదాన్ని. ఈసారి ఆయన నాటకం చదవబోతున్నారు కదా, మనసు ఊరుకోలేదు. పనిచేసేది లోపలిది, బొట్టు పైదానికా అనిపించింది. కుట్టుమిషను స్క్రూడ్రైవరుతో రేకు విప్పాను. లోపల వెండి రంగులో చిన్న పెట్టె, ఎంత ముద్దుగా ఉందో. తీగలు పీకి బయటికి తీశాను, పసుపు రాశాను, కుంకుమ పెట్టాను, అక్షింతలు వేశాను. కుట్టుమిషనుకి పూజకి ముందు నూనె వెయ్యడం అలవాటు కదా, ఆ చేత్తోనే దీనికి కూడా తీగలు గుచ్చే చోట రెండు చుక్కలు వేశాను. గట్టిగా తిరుగుతుందనుకున్నాను. మళ్ళీ తీగలు గుచ్చి మూసేశాను. హారతి ఇచ్చి మీట నొక్కితే, ఇంక నీకు తెలిసిందే.

ఆయన నన్ను ఏమీ అనరు. అదే నా భయం. అనకుండా ఊరుకుంటారు, నేను తట్టుకోలేను.

సీపీయూ పంపుతున్నాను. దాని చోట మేత మందుల అట్టపెట్టెలో రెండు ఇటుకలు పెట్టి అదే గుడ్డ ముసుగు వేశాను. ఆయన మసక చూపుకి కంప్యూటరులాగే కనబడుతోంది. ఇందాక మీ పెదనాన్నగారు వెళ్ళి దానిమీద చెయ్యి వేసి, “ఇంకో నెల ఓపిక పట్టు” అన్నారు, ఇటుకలతో.

పెద్దమ్మ

పచ్చడి సీసా ఒకటే పెట్టాను. అది దుప్పట్లో కాదు, పాపారావు సీటు కింద ఉంది, అడిగి తీసుకో.


తాడేపల్లిగూడెం,
అక్టోబరు 22.

పెద్దమ్మా,

డిస్క్ చదువుతోంది. ముందు ఈ మాట చదివి, కూర్చుని, మంచినీళ్ళు తాగి మిగతాది చదవండి.

బయటికి తీసేసరికి షాపంతా గుడి వాసన. ఐదు అక్షింతలు దొరికాయి, దాచాను. మీ నూనెలో పసుపు కలిసి ముద్దై, తీగ గుచ్చే చోట సన్నటి ఇత్తడి పళ్ళుంటాయి, వాటి మీద పొరలా ఎండిపోయింది. తీగ ఉన్నా పళ్ళకి తగలడం లేదు. అందుకే కరెంటు తీగ నుంచి కరెంటు ఎలాగో అంది డిస్క్ తిరిగింది, రెండో తీగలోంచి మాట మాత్రం బయటికి రాలేదు. స్పిరిట్, మెత్తటి బ్రష్షు పెట్టి గంటన్నర కడిగాను. కొత్త తీగ వేశాను. జాబితాలో పేరు వచ్చింది.

ఒక్క సంగతి మాత్రం చెప్పాలండి. మీరు బొట్టు పెట్టిన చోటికి వడ్లగింజంత దూరంలో సన్నటి కన్నం ఉంది. దాన్ని మూయవద్దని పక్కనే రాసి ఉంటుంది. డిస్క్ గాలి పీల్చుకునేది అందులోంచే. ఆ నూనె చుక్క ఒకటి అందులో పడి ఉంటే నేను కాదు కదా, ఎవరూ ఏమీ చెయ్యలేకపోయేవారు.

ఏమీ కదపకుండా ముందు మొత్తం ఇంకో డిస్కులోకి నకలు తీస్తున్నాను. అదయ్యాక నాటకం చూస్తాను.

ఇందుజ


రాజులలంక,
అక్టోబరు 27.

మా తల్లే,

నీ ఉత్తరం చదివి దేవుడి గదిలో కాసేపు ఏడ్చాను. ఏమైందని ఆయన అడిగారు. ఉల్లిపాయలండి అన్నాను. దేవుడి గదిలో ఉల్లిపాయలేమిటని అడగలేదు, ఆ శ్రీవేంకటేశ్వరుడే కాపాడాడు.

ఆ నాటకం నాకెందుకంత ముఖ్యమో నీకు చెప్పలేదు. మీ పెదనాన్నగారికి ఒకప్పుడు పేకాట తప్ప లోకం లేదు. పొద్దున్న చెరువు మీదికని వెళితే రాత్రి భోజనానికి కూడా వచ్చేవారు కాదు. ఆరేళ్ళ కిందట ద్వారకా తిరుమల మెట్ల మీద నా నెత్తిన చెయ్యి పెట్టి, ఇంక ముక్క ముట్టనని ఒట్టు వేశారు. ఆ నెలలోనే ఎవరో వాడిన పాత కంప్యూటరు తెచ్చి నాటకం మొదలుపెట్టారు. అప్పట్నుంచి మధ్యాహ్నం రెండింటికి తలుపు వేసుకుంటే మళ్ళీ ఐదింటికే. ఆ మూడు గంటలూ నేను తలుపు బయట కూర్చుని కోళ్ళని తోలుతాను. సీరియలు మాట తీసేసి బొమ్మ మాత్రం చూస్తాను. ఎవరు ఎందుకు ఏడుస్తున్నారో ఆరేళ్ళుగా నాకు తెలియదు.

భోజనాల దగ్గర మొదటి వాక్యం చదివి వినిపిస్తుంటారు. ‘తెర లేవగానే కొల్లేటి మీద పొద్దు పొడుస్తూ ఉంటుంది.’ ఎంత బాగుందో చూడు. తరవాత ఏమవుతుందండీ అంటే, “ఆగు భవానీ, ఇంకా సాన పట్టాలి” అంటారు. ఒక్క సాయం చెయ్యి ఇందూ. ఆ రెండో వాక్యం ఏమిటో చూసి చెప్పు. నేను చూశానని ఆయనకి చెప్పనులే.

పెద్దమ్మ


తాడేపల్లిగూడెం,
నవంబరు 2.

పెద్దమ్మా,

డిస్క్ బాగానే ఉంది గానీ నాటకం ఫైలు తెరుచుకోవడం లేదండి. ప్రయత్నిస్తున్నాను. పాతది కదా, ఒక్కొక్కసారి ఇలా అవుతుంది. ఆశ పెట్టుకోకండి.

పచ్చడి బాగుంది.

ఇందుజ


రాజులలంక,
నవంబరు 3.

ఇందూ,

ఇంత చిన్న ఉత్తరం నువ్వెప్పుడూ రాయలేదు. అంటే పోయినట్టే.

నా తప్పే. ఆరేళ్ళ కష్టాన్ని రెండు చుక్కల నూనెతో పోగొట్టాను. పొద్దున్న ఆయనకి కంట్లో మందు వేస్తుంటే గురి తప్పి చెంప మీద పడింది. “నా నాటకానికి అప్పుడే నీకు కంగారుగా ఉందేంటి” అని నవ్వారు. అన్నం సయించడం లేదు. నేను ఒకటి నిర్ణయించుకున్నాను. సమారాధన నాడు ఆయన లేచి నిలబడే ముందు నేనే లేచి, అందరి ఎదుటా, నా చేత్తోనే నాశనం చేశానని చెప్పేస్తాను. ఏలూరు లాయరు నిత్యానందంగారు అంతటివారు వింటారని సిగ్గుపడను. ఆయన తప్పు కాదని అందరికీ తెలియాలి.

పెద్దమ్మ


తాడేపల్లిగూడెం,
నవంబరు 5.

పెద్దమ్మా,

అంత పని చెయ్యకండి. నేను అబద్ధం రాశాను. ఫైలు తెరుచుకుంది, పది రోజులైంది. మీకు ఎలా చెప్పాలో తెలియక దాచాను. మీరు అన్నం మానేశారని చదివాక నావల్ల కావడం లేదు.

నాటకం అని ఒక ఫోల్డరు ఉంది. అందులో ఇరవై మూడు ఫైళ్ళున్నాయి. ఇరవై రెండింట్లో ఉన్నది నాటకం పేరు మాత్రమే, ఇరవై రెండు రకాల అక్షరాల్లో. ఇరవై మూడోదాంట్లో పాత్రల జాబితా ఉంది. నాయిక పేరు భవాని. ఆ పేరు పక్కన ‘ఈమె లేకపోతే కథ నడవదు’ అని రాశారు. దాని కింద ‘తెర లేవగానే కొల్లేటి మీద పొద్దు పొడుస్తూ ఉంటుంది.’ ఆ కింద ఏమీ లేదండి. నకల్లో కూడా వెతికాను, చెరిపేసినవి కూడా వెతికాను. రెండో వాక్యం లేదు.

మరి ఆ మూడు గంటలూ ఏం చేసేవారంటే, కంప్యూటరులో ఒంటరిగా ఆడుకునే పేకాట ఒకటి ఉంటుంది. ఎన్ని ఆటలాడారో అదే లెక్క ఉంచుకుంటుంది. పదకొండు వేల నాలుగు వందల ఎనభై రెండు. గెలిచింది నూటికి ముప్ఫై ఒకటి.

మీరు పోగొట్టింది ఏమీ లేదు పెద్దమ్మా. ఆయన మీద కోపం వస్తే నా మీద తీర్చుకోండి. ఈ సంగతి బయటికి రావద్దంటే, డిస్క్ నిజంగానే పోయిందని ఎవరడిగినా చెబుతాను.

ఇందుజ


రాజులలంక,
నవంబరు 20, గురువారం.

ఇందూ,

రెండు వారాలు జవాబు రాయలేదు. మొదటి మూడు రోజులూ ఆయనతో మాట్లాడలేదు. అంత చెవులున్న మనిషి అది మాత్రం గమనించలేదు.

కోపం పేకాట మీద కాదు. కోళ్ళ మీద. ఆరేళ్ళు వాటిని ఎందుకు తోలానా అని.

పదమూడున కళ్ళజోడు వచ్చింది. పెట్టుకుని తిన్నగా బల్ల దగ్గరికి వెళ్ళి ముసుగు తీశారు. కొత్త కళ్ళతో మొదట చూసింది ఇటుకల్ని. నేను ముందే అనుకున్నట్టు, నూనె వేశానండి, పోయిందండి అన్నాను. అబద్ధం సగమే. “మొత్తమా?” అన్నారు. మొత్తమండి అన్నాను. ఇందూ, ఆ మొహం నువ్వు చూడాల్సింది. పదో తరగతి తప్పినవాడికి బడే కాలిపోయిందని తెలిసినట్టు వెలిగిపోయింది. నేను చూస్తున్నానని గుర్తొచ్చి గబుక్కున దిగులు పెట్టుకున్నారు. “పోనీలే భవానీ, నీ తప్పేముంది, నా రాత” అని నన్నే ఓదార్చారు. ఆ పూట రెండుసార్లు పప్పు వడ్డించుకున్నారు.

ద్వారకా తిరుమల తోటలో జరిగిన సమారాధనలో ఉసిరి చెట్టు కింద నిలబడి, చెయ్యి జారిపోయిన నాటకం గురించి ముప్పావుగంట మాట్లాడారు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఇంత గొప్ప నాటకం తాను వినలేదని నిత్యానందంగారు అన్నారు. నిజమే, ఎవరూ వినలేదు. శాలువా కూడా కప్పారు.

తిరిగొస్తుంటే ఆటోలో అడిగాను, తెర లేవగానే తరవాత ఏమవుతుందండీ అని. భీమడోలు దాటాక శాలువా తీసి మడత పెట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. ఏలూరు దగ్గరపడుతుంటే నా వైపు చూడకుండా అన్నారు, “తెర లేవలేదు భవానీ. ఆరేళ్ళూ కూర్చున్నాను. లేవలేదు.” ఆ తరవాత ముక్కల సంగతి కూడా తనే చెప్పారు. అట్టముక్క ముట్టలేదు కదా, ఒట్టు తప్పలేదనే అనుకున్నారట, కానీ తలుపు వేసుకోవాల్సొచ్చినప్పుడే తప్పిందని తెలుసట. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఒట్టు తీసి చెరువు గట్టున పెట్టేశానండి, ఇంక దాని గురించి ఆలోచించకండి అన్నాను.

అందుకని నువ్వు కొత్త డిస్క్ ఏదీ వెయ్యకు. కడిగిన పాతదే వేసి పాపారావు చేత పంపు. నాటకం పోయిందన్న మాట ఊళ్ళో అలాగే ఉండనీ, శాలువా వెనక్కివ్వడం బాగుండదు. పేకాట తీసెయ్యకు. నాకు ముక్కల పేర్లు కూడా తెలియవు, ఎలా ఆడాలో పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి పెట్టు. ఇద్దరు ఆడేది ఏదైనా ఉంటే అది వెయ్యి. వచ్చే దసరాకి బొట్టు పైరేకు మీదే పెడతానులే.

ఆరేళ్ళు ఆ తలుపు బయట కూర్చున్నానమ్మా. నిన్ననే ఆ బల్ల దగ్గర రెండో కుర్చీ వేసుకున్నాను.

మీ పెద్దమ్మ
గంగాభవాని